విమలక్క పెళ్ళికి బుడగల సీసా

గోదావరి జిల్లాల్లో ‘వైన్స్’ అని బోర్డున్న కొట్టుకు వెళ్ళి వైన్ అడిగితే కొట్టతను ముందు మనల్ని చూస్తాడు, తర్వాత అలమరలు చూస్తాడు, ఆఖరికి పక్కవాణ్ణి అడుగుతాడు. బోర్డు మీద వైనే గానీ లోపల ఉన్నదంతా బ్రాందీ, విస్కీ, బీరు.

యాభై నాలుగేళ్ళు వచ్చేదాకా అలాంటి కొట్టు మెట్టెక్కని మనిషిని నేను. కరీంనగర్‌లో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆల్కహాల్ గురించి పాతికేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను తప్ప ఒక్క సీసా కొన్నది లేదు. అలాంటిది మొన్న మార్చి నెలాఖరులో నాలుగు రోజులు రాజమండ్రి, కాకినాడ, పాలకొల్లు తిరిగి వచ్చానంటే అందులో సగం ఒక సీసా కోసమే. మంచి స్పార్క్లింగ్ వైన్ కావాలి. అంటే గ్లాసులో పోస్తే అడుగునుంచి బుడగలు లేచే వైన్. అదీ మనలాంటివాళ్ళు కొనగలిగే ధరలో.

కావాలన్నది మా విమలక్క. అక్కకు అరవై ఏళ్ళు. నర్సు ఉద్యోగం కోసం చిన్న వయసులోనే అటు వెళ్ళి, పాలకొల్లు అబ్బాయిని పెళ్ళి చేసుకుని, రాజమండ్రిలో ఉండిపోయింది. బావ పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. బావ తల్లి సత్తెమ్మ గారు ఇప్పటికీ అక్క దగ్గరే ఉంటారు. ఫిబ్రవరిలో ఒకరోజు అక్క ఫోన్ చేసి, “శోభా, నేను పెళ్ళి చేసుకుంటున్న. రిజిస్ట్రారాఫీసుల. నువ్వొచ్చి సాక్షి సంతకం పెట్టాలె” అంది. పెళ్ళికొడుకు పేరు ప్రభాకరం గారు. అరవై రెండేళ్ళు. పుట్టింది కాకినాడ, ఇప్పుడుండేది రాజమండ్రిలోనే. ప్రయాణికుల ఓడల్లో భోజనాల హాలులో వడ్డన పని చేసి రిటైరయ్యారు. ఆయన తల్లికి ఆఖరి రోజుల్లో మా అక్క ఇంజక్షన్లు ఇచ్చేదట. తల్లి పోయిన నెలకు కృతజ్ఞత చెప్పడానికి పూతరేకులు పట్టుకుని వచ్చారట. అలా పరిచయం.

ఈ సంగతి మా అన్నకు చెబితే, “ఓడల మీద పనిచేసినోడు తాగకుంట ఉంటడా? ముందు పోయి మనిషిని చూడు. సంతకం సంగతి తర్వాత. కుదిరితే ఆపు” అన్నాడు.

అన్న భయం ఊరికే వచ్చింది కాదు. మా నాన్న తాగేవాడు. ఆయన గురించి ఇంతకన్నా రాయడం నాకిష్టం లేదు. రైలెక్కినప్పుడు నా సంచిలో అక్కకు కొన్న పట్టుచీర ఉంది. సంతకం పెడతానా లేదా అన్నది మాత్రం నాకే తెలియదు.

రాజమండ్రి: బంగారు కాగితం

పక్క రాష్ట్రం నుంచి సీసాలు తేవడం కుదరదని విన్నాను కాబట్టి సీసా అక్కడే కొనాలి. మంగళవారం అక్క క్లినిక్‌కు వెళ్ళాక, ఆ పని నేనే చేసేద్దామని ఆటో ఎక్కాను. వైన్ షాపు అనగానే డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

“మీకాండి?”

“అవును, నాకే.”

“మీరు ఆటోలో కూకోండి మేడంగారూ. ఏం కావాలో చెప్తే నేను తెచ్చేత్తాను. అక్కడ జనం ఉంటారండి.”

వద్దని నేనే దిగాను. నిజంగానే జనం ఉన్నారు. నేను నిలబడగానే మాటలు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి పోదామా అనుకుంటుండగా లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన, “అమ్మగారికి ముందు ఇవ్వండయ్యా” అన్నాడు. అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. మర్యాద విషయంలో ఈ జిల్లాల వాళ్ళను మించినవాళ్ళు లేరని అక్క అంటుంటే నమ్మేదాన్ని కాదు. మందు కొట్టు ముందు కూడా గారు, అండి తగ్గలేదు.

అయితే వైన్ లేదు. “బుడగలొచ్చేదా అండి? అలాంటిది ఇక్కడ ఎవరూ అడగరండి” అన్నాడు కొట్టతను, అది తన తప్పైనట్టు. ఒక రోజ్‌మిల్క్ తాగి వస్తుంటే సూపర్‌మార్కెట్‌లో సరిగ్గా నాకు కావలసిందే కనబడింది. లావు సీసా, మెడకు బంగారు కాగితం, మీద ద్రాక్షగుత్తి బొమ్మ, ‘స్పార్క్లింగ్’ అన్న మాట. నాలుగు వందల లోపే. ఇంత సులువైన పనికి ఇంత హడావిడి దేనికని నవ్వుకుంటూ ఇంటికి తెచ్చాను.

సాయంత్రం అక్క సీసాను వెనక్కి తిప్పి చదివింది. “ఇది ద్రాక్షరసం శోభా. గ్యాసు కలిపిన జ్యూసు. పిల్లల పుట్టినరోజులకు కొంటరు.”

పాతికేళ్ళుగా పిల్లలకు ‘ముందు లేబుల్ చదవండి, తర్వాతే సీసా ముట్టండి’ అని చెబుతున్న మనిషిని. సిగ్గేసింది. అక్క మాత్రం చాలాసేపు నవ్వింది. ఇద్దరం ఆ రసమే తాగాం. దగ్గు మందులా తియ్యగా ఉంది.

“అసలు నీకీ కోరిక ఏందక్కా? మనింట్ల సీసా చప్పుడు వింటేనే నువ్వు మంచం కిందికి పోయేదానివి.”

అక్క గ్లాసు కింద పెట్టింది. “అందుకే అడిగిన. అరవై ఏండ్లొచ్చినయి, సీసా మూత తీసే చప్పుడు వింటే ఇప్పటికీ నాకు గుండె దడే. ఆయనతోని చెప్పిన. అట్లయితే మంచిది ఒకటి తెచ్చి, నెమ్మదిగ తీసి చూపిస్తనన్నడు. రేపు కాకినాడ పోతున్నడు. నువ్వు గూడ పో. మనిషిని చూడనీకే వచ్చినవు గద.”

అన్న చెప్పిన మాట తనకెలా తెలిసిందో నేను అడగలేదు.

కాకినాడ: కిటికీలో సీసా

ప్రభాకరం గారు పొద్దున్నే వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. చేతిలో ఒక గుడ్డ సంచి, అందులో మడతపెట్టిన టవలు. “నమస్కారమండి శోభ గారూ. ప్రయాణం బాగా జరిగిందాండి?” అని అడిగి, నా జవాబు పూర్తయ్యేదాకా నిలబడే ఉన్నారు. నేను ముభావంగా ఉన్నాను. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, అడిగినదానికే జవాబు చెబుతూ కూర్చున్నారు.

కాకినాడలో ముందు టిఫిను. అరటాకు మీద పెసరట్టు, దాని కడుపులో ఉప్మా, పైన అల్లప్పచ్చడి. మా వైపు పచ్చడి అంటే ముందు కారం తగులుతుంది. ఇక్కడ ముందు బెల్లం తగిలి, కారం తీరిగ్గా వస్తుంది. రెండు ప్లేట్లూ కాఫీలూ కలిపి రెండు వందలు కూడా కాలేదు. డబ్బులు నేనిస్తానంటే ఆయన వాదించలేదు. “సరేనండి, మధ్యాహ్నం నా వంతు” అన్నారు. అది నాకు నచ్చింది. మగవాళ్ళు సాధారణంగా వాదిస్తారు.

ఆయన తీసుకెళ్ళిన కొట్టు పోర్టుకు వెళ్ళే రోడ్డు మీద ఉంది. విదేశీ ఓడల వాళ్ళు వస్తుంటారు కాబట్టి అక్కడ నాలుగు రకాలు దొరుకుతాయట. లోపల ఏసీ. యజమాని మమ్మల్ని కూర్చోబెట్టి, పెళ్ళికని తెలియగానే గాజు అలమరలోంచి ఒక నల్ల సీసా తీశాడు. ఎనిమిది వేల చిల్లర.

“అసలైన షాంపేన్ అండి. శుభకార్యం అంటున్నారు, పెద్దదే తీసుకోండి.”

ప్రభాకరం గారు దాన్ని రెండు చేతులతో అందుకుని, చూసి, అంత జాగ్రత్తగానూ తిరిగి ఇచ్చారు. “మంచి సరుకేనండి. కాకపోతే ఇందులో సగం ధర పేరుదండి. తాగేది నలుగురం. పేరుని ఏం చేసుకుంటాం?”

ఆ తర్వాత అరగంటలో ఆయన నాకు చెప్పింది, వెళ్ళనివాళ్ళకు పనికొస్తుందని, గుర్తున్నంత మటుకు రాస్తాను. బుడగల వైన్ మూడు విధాలుగా చేస్తారట. మామూలు వైన్‌లోకి సోడాలోలా గ్యాసు ఎక్కించేది చవక రకం. బుడగలు లావుగా ఉంటాయి, పొయ్యగానే బుస్సుమని పొంగి అయిదు నిమిషాల్లో చల్లబడిపోతాయి. పెద్ద తొట్టిలో రెండోసారి పులియబెట్టి సీసాల్లో నింపేది ఇంకొకటి. పండ్ల వాసన బాగుంటుంది, ఇటలీ నుంచి వచ్చేవి ఎక్కువగా ఇలాంటివే. మూడోది, ఏ సీసాలో అమ్ముతారో ఆ సీసాలోనే రెండోసారి పులియబెట్టి నెలల తరబడి కదలకుండా ఉంచేది. దాని బుడగ సన్నగా దారంలా లేస్తుంది, చాలాసేపు లేస్తూనే ఉంటుంది. షాంపేన్ చేసేది ఈ పద్ధతిలోనే. ఆ పేరు ఫ్రాన్సులో ఆ ప్రాంతంలో చేసినదానికే చెల్లుతుంది. అదే పద్ధతిలో మన నాసిక్ వైపు చేసేవీ ఉన్నాయి. వాటి ధర అయిదో వంతు.

“వెనక లేబుల్ మీద సీసాలో పులియబెట్టినట్టు రాస్తారండి. అది లేకపోతే గ్యాసుదో తొట్టిదో అనుకోవాలి. ముందు వైపు బ్రూట్ అని ఉండాలి. అంటే తీపి తక్కువని. ఎక్స్‌ట్రా డ్రై అని ఉంటే తీపి ఇంకా తక్కువనుకుని కొనేస్తారు. అది బ్రూట్ కంటే తీపండి. నేనూ కొత్తలో అలాగే మోసపోయాను.”

యజమాని నాసిక్ సీసాలు రెండు తెచ్చాడు. రెండూ ఒకటే పేరు, పదిహేను వందల యాభై. ఒకటి లోపలి గదిలోంచి, పెట్టెలో పడుకోబెట్టింది. రెండోది వీధి కిటికీలో అలంకారానికి నిలబెట్టింది. “కిటికీలోది కావాలంటే రెండు వందలు తగ్గిస్తానండి” అన్నాడు.

ధర తగ్గింది కదా అని నేను కిటికీలోదాని వైపు చెయ్యి చాచాను. ప్రభాకరం గారు వద్దనలేదు. “దాని మీద ఎండ ఎప్పుడు పడుద్దండీ?” అని మాత్రం యజమానిని అడిగారు.

“పొద్దున పూట అండి. పదింటిదాకా.”

అప్పుడు నాకు మా ల్యాబు గుర్తొచ్చింది. సిల్వర్ నైట్రేట్‌ను ముదురు రంగు సీసాలో పోసి చీకటి అలమరలో పెడతాం. వెలుతురు తగిలితే పాడైపోతుంది. “ఇది కూడ వెలుతురుకు చెడిపోతదా?” అన్నాను.

“చెడిపోద్దండి. వేడికీ వెలుతురుకీ. తడి గోనెసంచి వాసన వస్తుంది. మీకు తెలిసిన విషయమే కదండి” అన్నారు. ఆ పొద్దంతా ఆయన ముఖంలో నవ్వు చూడటం అప్పుడే.

లోపలిది ఒక్కటే ఉంది. ఒక్కటే కొన్నాం. ఆయన టవలు తడిపించి సీసాకు చుట్టారు. ఎందుకా టవలు తెచ్చారో అప్పుడర్థమైంది.

మధ్యాహ్నం చేపల రేవు దగ్గర చిన్న హోటల్లో భోజనం. వంజరం వేపుడు, చింతకాయ వేసిన రొయ్యల కూర. వడ్డించిన ఆవిడ నేను వద్దంటున్నా మారు వేస్తూనే ఉంది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాక నేను సూటిగా అడిగేశాను.

“ప్రభాకరం గారూ, మీరు తాగుతరా?”

ఆయన ఉలిక్కిపడలేదు. నీళ్ళ గ్లాసు పక్కకు జరిపి, “ఓడలో పోసేవాణ్ణండి. పోసేవాడు తాగితే చెయ్యి వణుకుద్ది. అక్కడ రుచికి ఒక గుక్క పుచ్చుకుని ఉమ్మేసేవాళ్ళం” అన్నారు. అక్కడితో ఆపేయొచ్చు. ఆపలేదు. “ఇంటికొచ్చేశాక, మా ఆవిడ పోయాక, రెండేళ్ళు తాగానండి. బాగానే తాగాను. ఒకరోజు మా అమ్మ మంచంలోంచి పడిపోయింది. నాకు లేపే ఓపిక లేదు. పక్కింటివాళ్ళు వచ్చి లేపారు. ఆ రోజు మానేశాను. ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండు గ్లాసులండి, అదీ నలుగురిలో. ఇదంతా విమల గారికి పెళ్ళి మాట రాకముందే చెప్పాను. మీ అన్నయ్య గారికి కూడా చెప్పమంటే చెప్తాను.”

తాగనని చెబితే నమ్మేదాన్ని కాదు. తాగానని చెప్పాక నమ్మక తప్పలేదు. అలా అని భయం పోయిందా అంటే, పోలేదు. రేవులో పడవలు వచ్చి ఆడవాళ్ళు తట్టలతో చేపలు దింపుతున్నారు. బస్సు వేళయ్యేదాకా ఇద్దరం అది చూస్తూ కూర్చున్నాం.

సిద్ధాంతం వంతెన దాటాక

గురువారం పని పాలకొల్లులో. రిజిస్ట్రారు ముందు ముగ్గురు సాక్షులు కావాలి. ఒకటి నేను. ఒకరు ప్రభాకరం గారి స్నేహితుడు రాంబాబు గారు. మూడో సంతకం అత్తగారే పెట్టాలని అక్క కోరిక. ఆవిడ రెండు వారాల కిందట పాలకొల్లులో చెల్లెలింటికి వెళ్ళారు. వెళ్ళేముందు “వస్తాలే” అన్నారట గానీ, ఆ తర్వాత అక్కడి చుట్టాలు ఈ పెళ్ళి గురించి ఏవేవో అంటున్నారని కబురు వచ్చింది. ఫోన్ చేస్తే ఆవిడ రావడం లేదు, వేరేవాళ్ళు ఎత్తి పెట్టేస్తున్నారు. అక్క రాత్రంతా పడుకోలేదని కళ్ళు చూస్తే తెలిసింది. క్లినిక్‌లో సెలవు దొరక్క, నన్నూ ప్రభాకరం గారినీ అద్దె కారులో పంపింది.

రావులపాలెం దాటి, సిద్ధాంతం వంతెన మీద గోదావరి దాటితే రెండు వైపులా పచ్చదనం తప్ప ఇంకేమీ ఉండదు. మాకు బోరు వేస్తే నీళ్ళు పడతాయో లేదో తెలియదు. ఇక్కడ ఇంటి గుమ్మం ముందే కాలవ పోతుంటే దాని వంక ఎవరూ చూడరు. ఒకచోట టైరు పంక్చరై దిగాం. డ్రైవరు చక్రం మారుస్తుంటే చేలగట్టు మీద తాటిచెట్టు దిగుతున్న మనిషి కనబడ్డాడు. నడుముకు మోకు, పక్కన కుండ. పేరు వీర్రాజట. మమ్మల్ని చూసి, “పొద్దున దింపిందండి, పుచ్చుకుంటారా?” అని తాటాకు డొప్పలు రెండు చేశాడు.

నేను కల్లు తాగడం కూడా అదే మొదటిసారి. ముందు నురగ చూశాను. సన్నటి బుడగలు డొప్ప అంచున చేరుతున్నాయి.

“దీంట్ల ఏమన్న కలుపుతరా?” అన్నాను.

“కలిపితే అదేం కల్లండి? చెట్టుదే అండి ఆ పొంగంతాను. పొద్దున తియ్యగుంటాది, మజ్జానానికి పుల్లబడతాది. సాయంత్రం మీలాంటోళ్ళు తాగలేరండి.”

డొప్ప ముప్పై రూపాయలన్నాడు. చిల్లర లేదంటే “తిరిగొచ్చేప్పుడు ఇద్దురుగాని” అన్నాడు, మేం ఎవరో, ఈ దారినే తిరిగి వస్తామో లేదో తెలియకుండానే. డ్రైవరు దగ్గర తీసుకుని ఇచ్చాను.

నిజం చెప్పాలంటే నా కళ్ళు ప్రభాకరం గారి డొప్ప మీదే ఉన్నాయి. ఆయన సగం తాగారు. వీర్రాజు ఇంకొంచెం వంచబోతే అరచెయ్యి అడ్డం పెట్టి, “చాలండి, చాలా బాగుంది” అన్నారు. అంతే. మళ్ళీ కుండ వైపు చూడలేదు. వెళ్ళి డ్రైవరుకు చక్రం బిగించడంలో సాయం చేశారు.

పాలకొల్లు: గుమ్మం దగ్గర సంచి

సత్తెమ్మ గారి చెల్లెలి ఇల్లు బజారు వెనక సందులో. మేం వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలోనే పీట వేసుకుని కూర్చున్నారు. ఉతికిన చీర, పక్కన జిప్పు వేసిన సంచి, సంచి మీద మందుల డబ్బా. ఎనభై రెండేళ్ళ మనిషి, రేపే పెళ్ళి, నాకోసం ఎవరో ఒకరు వస్తారంటూ పొద్దుటినుంచీ అలాగే కూర్చున్నారని పక్కింటావిడ చెప్పింది.

చెల్లెలి కొడుకు లోపల్నుంచి వచ్చి కుర్చీలు వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. మర్యాదకు లోటు లేదు. తర్వాత నాతో, “ఏమనుకోకండి. విమలొదిన ఏం చేసుకున్నా మేం అడ్డు కాదండి. కానీ కన్నకొడుకు పెళ్ళాం మారుపెళ్ళికి పెద్దమ్మ సంతకం పెట్టిందంటే ఊళ్ళో నవ్వుతారండి. ఆవిడ వయసు చూడండి” అన్నాడు.

అతని మాటలో కోపం లేదు, ఇబ్బంది ఉంది. ఆ ఇబ్బంది నాకు తెలుసు. బయల్దేరకముందు నేనూ అన్నా మాట్లాడుకున్నది ఇలాగే ఉంటుంది. నేను తల దించుకున్నాను. జవాబు సత్తెమ్మ గారే చెప్పారు.

“ఒరే, నా మోకాలు విరిగితే మూడు నెలలు దొడ్డికి ఎత్తుకెళ్ళింది ఎవర్రా? నువ్వా, ఊరా? మావాడు పోయాక పుట్టింటికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. నాకోసం ఉండిపోయింది. రేపు నేను పోతే దానికెవరున్నారు?” అని, ఊపిరి పీల్చుకుని, “నవ్వేవాళ్ళని నవ్వనీ. నాకు చెముడు, వినపడదు” అన్నారు.

అతను ఆ మాట వదిలేసి, మమ్మల్ని భోజనం వేళ వెళ్ళనివ్వనన్నాడు. స్వయంగా బజారుకు వెళ్ళి దిబ్బరొట్టె తెచ్చాడు. అడుగు ఎర్రగా కాలి, లోపల దూదిలా ఉండే మినపరొట్టె. దాని మీద చెరుకు పానకం పోసుకుని తినడం ఇక్కడి పద్ధతి. మా ఇంట్లో రొట్టె మీద పానకం పోస్తే పిల్లలు నవ్వుతారు. నేను రెండుసార్లు వేయించుకున్నాను. బయల్దేరేటప్పుడు పెద్దమ్మ సంచి అతనే కారులో పెట్టి, “టైముకి మందులు వేయించండి” అని ప్రభాకరం గారికి చెప్పాడు.

శుక్రవారం

రిజిస్ట్రారాఫీసు మెట్ల దగ్గర అన్న ఫోన్ చేశాడు. “ఏమైంది? మనిషి ఎట్లాంటోడు?”

“తాగిండట. మానిండట. నేను అడిగితే దాచకుంట చెప్పిండు” అన్నాను.

“మరి నువ్వేం చేస్తున్నవ్?”

“సంతకం పెడుతున్న.”

“ఆలోచించినవా?”

“మూడు రోజుల సంది అదే పని.”

“సరే” అన్నాడు. “అక్కకు ఫోనియ్యి.” అక్క ఆ ఫోన్ పట్టుకుని వరండా చివరకు వెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో అడగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది.

సత్తెమ్మ గారు కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాస్తుంటే, ఆ గదిలో గుమాస్తా సహా ఎవరూ తొందరపెట్టలేదు. పేరు పూర్తయ్యాక గుమాస్తా లేచి నిలబడి కాగితం అందుకున్నాడు.

ఇంటికొచ్చి వంటింట్లోకి వెళ్ళిన నేను నిలువునా ఆగిపోయాను. ఫ్రిజ్ అడుగున రెండు రోజులుగా చల్లగా పడుకున్న సీసా పొయ్యి పక్కన నిలబడి ఉంది. పొద్దున సత్తెమ్మ గారు పెరుగు కోసం ఫ్రిజ్ తీసి, పెరుగు పక్కన ఈ సీసా ఏంటని తీసి అక్కడ పెట్టారట. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. వెచ్చని సీసా తెరిస్తే సగం నురగై పోతుందని ప్రభాకరం గారు ముందే చెప్పారు. ఫ్రిజ్‌లో పెడితే మూడు గంటలు పడుతుంది.

“రేపు తాగుదాంలెండి” అన్నారు ఆయన. ఆవిడను ఒక్క మాట అనలేదు.

“రేపు నా రైలు. ఇరవై నిమిషాలియ్యండి” అన్నాను. రాంబాబు గారు స్కూటరు మీద వెళ్ళి జ్యూసు బండి దగ్గర ఐసు తెచ్చారు. బకెట్‌లో ఐసు, నీళ్ళు, రెండు గుప్పెళ్ళ రాళ్ళుప్పు వేసి, సీసాను మెడదాకా ముంచి మెల్లగా తిప్పుతూ కూర్చున్నాను. ఉప్పు కలిస్తే ఐసు కరుగుతూ సున్నా కంటే కిందికి పోతుంది. ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. ఇరవై నిమిషాలకు సీసా పట్టుకుంటే చెయ్యి కొంకర్లు పోయింది.

డాబా మీద ఎండ దిగిపోయింది, ఏటిగట్టు మీంచి గాలి వస్తోంది. సన్నటి గాజుగ్లాసులు వేడినీళ్ళతో కడిగి గాలికి ఆరబెట్టి ఉంచారు ప్రభాకరం గారు. సబ్బు జిడ్డుంటే బుడగలు నిలవవట. అక్క కుర్చీలో వెనక్కి జరిగి, కళ్ళు గట్టిగా మూసుకుంది. రెండు చేతులూ కుర్చీని పట్టుకుని ఉన్నాయి.

ఆయన బంగారు కాగితం ఒలిచారు. తీగ విప్పారు. “ఆరు తిప్పులండి, ఏ దేశం సీసాకైనా” అన్నారు మెల్లగా. బెండు బిరడా మీద టవలు వేసి గట్టిగా పట్టుకుని, బిరడాను కాకుండా సీసాను తిప్పడం మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళలో సినిమాల్లో చూసినట్టు పేలుతుందని రాంబాబు గారు చెవులు మూసుకున్నారు. పేలలేదు. నిద్రలో మనిషి ఊపిరి వదిలినంత చప్పుడైంది.

అక్క ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. కాసేపటికి, “ఎప్పుడు తీస్తారండి?” అంది.

“తీసేశానండి” అన్నారు ఆయన.

అక్క కళ్ళు తెరిచింది. గ్లాసులో సన్నటి దారాలు మూడో నాలుగో అడుగునుంచి పైకి లేస్తున్నాయి. ఆమె ముందు గ్లాసును చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత తాగింది. మరో గుక్క తాగి ఆయన వైపు చూసి తల ఊపింది.

నాకు ముందు పుల్లగా తగిలింది, పచ్చి ఆపిల్ కొరికినట్టు. తర్వాత అక్క వేయించిన రొయ్యల్లో ఒకటి నోట్లో వేసుకుని మళ్ళీ తాగితే, ఆ పులుపే ఉప్పునూ నూనెనూ కడిగేసి నోరు కొత్తగా అయింది. వేపుళ్ళతో తాగాలని కాకినాడ కొట్లో ఆయన ఎందుకన్నారో తెలిసింది. పదిహేను వందల యాభైకి ఎక్కువిచ్చామని ఎవరికీ అనిపించలేదు. సత్తెమ్మ గారు అక్క గ్లాసులోంచే ఒక చుక్క నాలిక మీద వేసుకుని, “నిమ్మకాయ సోడాలో ఉప్పు మర్చిపోయినట్టుంది” అని తిరిగి ఇచ్చేశారు.

“బావగారూ, ఇంకొంచెం పోసుకోండి” అన్నాను నేను, మర్యాదకు. ఆ పిలుపుకు అక్క నా వైపు చూసింది.

“చాలండి” అన్నారు ఆయన.

అప్పటికి సీసాలో మూడో వంతు ఉంది. కింద అన్నం ఉడికిన వాసన వస్తోంది. సత్తెమ్మ గారు ఆకలేస్తోందన్నారు. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపుతున్నారు. ఇద్దరూ పెరుగు తోడు గురించి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆ సీసాను పట్టించుకున్నవాళ్ళు ఎవరూ లేరు. నేనూ అక్కా దాని ముందు నిలబడ్డాం. మా పుట్టింట్లో అలా మిగిలిన సీసాను మేమిద్దరం ఎన్నడూ చూసి ఉండలేదు.

“మూత పెట్టినా పొద్దటికి బుడగలు పోతయట గదక్కా” అన్నాను.

“పోనియ్యి” అంది అక్క, ఖాళీ గ్లాసులు ఏరుతూ. “అన్నం చల్లారుతది, రా.”